పాచిపట్టిన చరిత్ర

మా హాల్లో ఒక మూడడుగుల అద్దాల తొట్టి ఉంది. అందులో సుమారు 120 లీటర్ల నీళ్ళు, నాలుగైదు రకాల మొక్కలు, ఓ డజను చిన్న చేపలు. కిందటేడు ఫిబ్రవరి దాకా ఇరవై రొయ్యపిల్లలు కూడా ఉండేవి. ఒక్కరాత్రిలో వాటన్నిటినీ నేనే చంపేశాను. కావాలని కాదులెండి. పాచిని చంపబోయి వాటిని చంపాను.

"చేపల తొట్టి మీద కూడా ఓ వ్యాసమా, ఈయనకి వేరే పనేం లేదా" అనుకుంటున్నారని తెలుసు. కాస్త ఓపిక పట్టండి. ఈ పాచి గొడవలో ఆక్సిజన్ కనిపెట్టినాయన ఉన్నాడు, లండన్ జనాల పిచ్చి ఉంది, సియాటిల్‌లో మనవాళ్ళు ఎంతోమంది రోజూ దాటే సరస్సు ఉంది, మా నాన్న చేపల చెరువు కూడా ఉంది. అన్నిటికీ మించి, మన ఉద్యోగాల్లో మనందరం చేసే ఒక తప్పు ఉంది.

ముందు జరిగింది చెప్తాను.

తొట్టి పెట్టిన ఆర్నెల్లకి ఆకుల అంచుల మీద నల్లటి కుచ్చులు మొదలయ్యాయి. రెండు మూడు వారాల్లో చెక్కముక్క మీద, ఫిల్టర్ గొట్టం మీద, ఆఖరికి ఓ నత్త వీపు మీద కూడా గడ్డం మొలిచింది. దీన్ని నల్లగడ్డం పాచి అంటారు. పేరుకి నలుపేగానీ జాతికి ఎర్ర శైవలం. ఓ కుచ్చు పీకి స్పిరిట్‌లో వేస్తే అసలు ఎరుపు బయటపడుతుంది. గోరుతో గీకితే రాదు. టూత్‌బ్రష్‌తో రుద్దితే ఆకు చిరుగుతుందిగానీ అది వదలదు. మూడ్రోజులు లైటు ఆర్పేసి తొట్టికి దుప్పటి కప్పాను. మొక్కలు పాలిపోయాయి, పాచి మాత్రం చెక్కుచెదరలేదు.

సరిగ్గా అప్పుడే ఆఫీసులో ఓ రిలీజు. రెండు వారాలు రాత్రీ పగలూ తేడా లేదు. రిలీజు అయిన శుక్రవారం సాయంత్రం ఇంటికొస్తూ ఓ చేపల షాపులో ఆగాను. కౌంటర్లో కుర్రాడు ఓ నీలం సీసా చేతిలో పెట్టి "రెండు మూతలు పొయ్యన్నా, మూడు రోజుల్ల సాఫ్ అయితది" అన్నాడు. నా తొట్టి ఎన్ని లీటర్లో నేను చెప్పలేదు, రొయ్యలున్నాయనీ చెప్పలేదు. అతనూ అడగలేదు. ఇంటికొచ్చి మూడు మూతలు పోశాను. రెండింటికి మూడేస్తే ఇంకా తొందరగా పోతుందని! (ఇంజనీరింగ్ చదివిన బుర్ర మరి.)

పొద్దున్న లేచేసరికి రొయ్యలన్నీ అడుగున గులాబీ రంగుకి తిరిగి, పక్కకి ఒరిగి ఉన్నాయి. నత్తలు కదలడం లేదు. చేపలు మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాయి. పాచి కూడా నిక్షేపంలా ఉంది. అప్పుడు సీసా తిప్పి చదివాను. అందులో ఉన్నది రాగి. రొయ్యలూ నత్తలూ ఉన్న తొట్టిలో వాడకూడదని చీమ తలకాయంత అక్షరాల్లో రాసే ఉంది.

అప్పుడు నాన్న మా ఇంట్లోనే ఉన్నాడు, కంటి ఆపరేషన్‌కని వచ్చి. భీమవరం దగ్గర నాన్నకి ఆరెకరాల చేపల చెరువుంది. ముప్ఫయ్యేళ్ళుగా అదే పని. నల్లకళ్ళద్దాలతోనే తొట్టి దగ్గరికొచ్చి ఒంగి చూశాడు.

"మందు పోసేముందు నీళ్ళు చూశావా?"

"చూసేదేముంది నాన్నా, పాచి కనబడుతూనే ఉందిగా."

"పాచి కాదురా. నీళ్ళు."

ఇంకేమీ అనలేదు. తిట్టినా బావుండేది. ఆ రొయ్యల్ని ఒక్కొక్కటే చెంచాతో ఏరుతూ, అసలు ఈ పాచితో మనుషులు ఎప్పట్నుంచి ఇలా కుస్తీ పడుతున్నారు, నాలాంటి పని నాకు ముందు ఎవరు చేశారు అని ఆలోచనలో పడ్డాను. ఆ తర్వాత కొన్ని నెలలు అదే చదివాను. చదివింది ఇక్కడ పెడుతున్నాను.

పచ్చ పదార్థం

తెలుగులో పాచి అన్నమాటకే మంచి పేరు లేదు. తోముకోని పళ్ళు పాచిపళ్ళు, రాత్రి మిగిలి పాడైన అన్నం పాచిపోయిన అన్నం, పొద్దున్నే అంట్లు తోమి ఇల్లూడ్చడం పాచిపని. కానీ సైన్సుకి పాచి మొదటిసారి పరిచయమైంది శత్రువుగా కాదు.

ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1771లో ఒక గాజుపాత్ర కింద కొవ్వొత్తి వెలిగించి గాలిని "పాడుచేసి", అందులో ఓ పుదీనా కొమ్మ పెట్టాడు. కొన్ని రోజుల తర్వాత అదే గాలిలో కొవ్వొత్తి మళ్ళీ వెలిగింది. 1774లో ఆయన ఆక్సిజన్‌ని వేరుచేశాడు. ఇవి మనం స్కూల్లో చదివినవే. చదవనిది ఇంకోటుంది. ఆ తర్వాత కొన్నేళ్ళకి, నీళ్ళు నిలవుంచిన తన గాజుపాత్రల గోడలకి పచ్చగా ఏదో పట్టడం, ఎండ తగిలితే అందులోంచి బుడగలు రావడం ఆయన గమనించాడు. ఆ బుడగల్లో ఉన్నది చాలా శుద్ధమైన గాలి. ఆ పచ్చనిది మొక్కో కాదో ఆయనకి మొదట్లో అంతుపట్టలేదు. అందుకే "పచ్చ పదార్థం" అని ఊరుకున్నాడు. 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ మొక్కల పచ్చటి భాగాలు వెలుగులో మాత్రమే ఈ పని చేస్తాయని పుస్తకం రాశాడు.

అంటే నేను టూత్‌బ్రష్ పెట్టి రుద్దిన పాచికి చుట్టాలే కిరణజన్య సంయోగక్రియ కథలో మొదటి సాక్షులన్నమాట.

నత్తలే మొదటి ప్యాచ్

ఇక అక్వేరియం. నదుల్లో చేపల్ని తెచ్చి కుండల్లో, తొట్లలో పెట్టుకోవడం ఎప్పట్నుంచో ఉంది. కానీ నీళ్ళు తరచూ మార్చకుండా చేపలు బతికే ఏర్పాటు చెయ్యడం పందొమ్మిదో శతాబ్దపు సంగతి. లండన్‌లో రాబర్ట్ వారింగ్‌టన్ అని ఓ రసాయన శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. మందుల తయారీదార్ల సంఘంలో ఉద్యోగం. 1849లో ఆయన ఓ పన్నెండు గ్యాలన్ల గాజుపాత్ర తీసుకుని ఇసుక, మట్టి, రాళ్ళు వేసి, రెండు బంగారు చేపల్ని, వాలిస్‌నేరియా మొక్కల్ని పెట్టాడు. (ఇంటర్లో బైపీసీ వాళ్ళకి గుర్తుండాలి, నీళ్ళమీద తేలుతూ పరాగసంపర్కం చేసుకునే మొక్క.) లెక్క సింపుల్. చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ మొక్కకి, మొక్క వదిలిన ఆక్సిజన్ చేపకి.

కాగితం మీద బానే ఉంది. ప్రొడక్షన్‌లోకి వెళ్ళాక ఏమైందో ఊహించండి. పాత ఆకులు కుళ్ళాయి, నీళ్ళు మసకబారాయి, గాజు మీద, నీటిపైన పచ్చటి జిగురు పట్టింది. అంటే మొదటి అక్వేరియానికి మొదటి బగ్ పాచే!

వారింగ్‌టన్ దాన్ని మందుతో చంపలేదు. ఓ అయిదారు చెరువు నత్తల్ని తెచ్చి వదిలాడు. అవి కుళ్ళిన ఆకుల్నీ, జిగురునీ తినేశాయి. నీళ్ళు తేటపడ్డాయి. పైగా నత్తలు పెట్టిన గుడ్లు చేపలకి తిండి అయ్యాయి. 1850లో ఆయన ఈ సంగతంతా కెమికల్ సొసైటీలో చదివాడు. చేప, మొక్క అన్న రెండు భాగాల డిజైన్‌లో మూడోది లేకపోతే వ్యవస్థ నడవదని ఆయనకి చెప్పింది పాచే.

అది చదువుతున్నప్పుడు నా తొట్టిలో చచ్చిన నత్తలు గుర్తొచ్చి మొహం చెల్లలేదు.

లండన్ పిచ్చి, చీకటి గుంటలు

1845లో బ్రిటన్‌లో గాజు మీద పన్ను ఎత్తేశారు. అద్దం చవకైంది. 1853లో లండన్ జూలో జనానికి చూపించే చేపలశాల తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ "ది అక్వేరియం" అని పుస్తకం రాశాడు, ఆ మాటని జనం నోళ్ళలోకి ఎక్కించింది ఆయనే. ఇంకేముంది, మధ్యతరగతి ఇళ్ళ ముందుగదుల్లో కిటికీ దగ్గర అద్దాల తొట్లు వెలిశాయి.

కిటికీ దగ్గర అన్నానా? అక్కడే వచ్చింది తంటా. ఎండ తగిలే చోట పెట్టిన తొట్టి కొన్ని వారాల్లో పచ్చటి కషాయం. చేపలు చచ్చేవి, వాసన వచ్చేది. 1860ల కల్లా ఆ మోజు దిగిపోయింది. దిగడానికి పాచి ఒక్కటే కారణమనను, కానీ దాని వాటా దానికుంది.

వృత్తిగా చేసేవాళ్ళు మాత్రం వదల్లేదు. విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ 1864లో హాంబర్గ్‌లో, 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో అక్వేరియాలు కట్టించాడు. ఆయన కిటుకేమిటంటే, జనానికి కనబడే తొట్లలో ఉండే నీళ్ళు తక్కువ. వాటికి ఎన్నో రెట్లు నీళ్ళు కింద చీకటి గుంటల్లో ఉంటాయి. పంపులు పెట్టి ఆ నీళ్ళని తిప్పుతూనే ఉంటారు. చీకట్లో పాచి పెరగదు, నీళ్ళు ఎక్కువ కాబట్టి ఏ మార్పూ గబుక్కున రాదు. ఇది చదివాక నా 120 లీటర్ల తొట్టి ఎంత పెళుసు సరుకో అర్థమైంది.

ఇంట్లో పెంచేవాళ్ళు మాత్రం "సమతూకపు తొట్టి" అన్న వారింగ్‌టన్ మాటనే వందేళ్ళు పట్టుకున్నారు. చేపలకీ మొక్కలకీ లెక్క కుదిరితే చాలు, ఇంకేం ముట్టుకోనక్కర్లేదని. 1949లో న్యూయార్క్‌కి చెందిన చేపల శాస్త్రజ్ఞుడు జేమ్స్ ఆట్జ్ అదంతా భ్రమేనని వ్యాసం రాశాడు. తొట్టిలో చేపకి ప్రాణాధారం ముఖ్యంగా నీటి పైభాగం, గాలితో అక్కడ జరిగే ఇచ్చిపుచ్చుకోవడం. రాత్రయితే మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చేవే కదా.

మైలుతుత్తం

నా సీసా కథ కూడా పాతదే. మైలుతుత్తం మన రైతులకి కొత్తకాదు. సున్నంతో కలిపితే బోర్డో మిశ్రమం. ఫ్రాన్సులో 1880లలో ద్రాక్షతోటల తెగులుకి మిలార్దె దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఆకు మీద బూజుని చంపేది నీళ్ళలో పాచిని చంపదా అని అమెరికా వ్యవసాయశాఖలో మూర్, కెల్లర్‌మన్ అనే ఇద్దరు ప్రయోగాలు చేసి 1904లో ఒక బులెటిన్ వేశారు. ఊళ్ళకి తాగునీరిచ్చే రిజర్వాయర్లలో పాచి పట్టి నీళ్ళు కంపుకొడుతుంటే, లక్షల పాళ్ళ నీటికి ఒక పాలు మైలుతుత్తం చాలని తేల్చారు. బస్తాల్లో మైలుతుత్తం పోసి పడవ వెనకాల కట్టి రిజర్వాయరంతా తిప్పేవాళ్ళు.

పనిచేసింది. నిజంగానే చేసింది. చిక్కల్లా ఏమిటంటే, చచ్చిన పాచి ఎక్కడికీ పోదు. అది అక్కడే కుళ్ళి, దాన్ని పెంచిన ఎరువుని మళ్ళీ నీళ్ళలోకే వదుల్తుంది. అందుకని మళ్ళీ వస్తుంది, మళ్ళీ మందు పోయాలి. ఇక నత్తలకీ రొయ్యలకీ రాగి ఎంత విషమంటే, నత్తల్ని చంపడానికే మైలుతుత్తం వాడిన సందర్భాలున్నాయి. వారింగ్‌టన్ తొట్టిని కాపాడిన నత్తల్నే నేను మూడు మూతలతో తుడిచిపెట్టాను. సర్వరు తరచూ పడిపోతోందని రోజూ రాత్రి రీస్టార్ట్ చేసే స్క్రిప్టు పెట్టి, "ఫిక్స్ అయింది" అని మెయిలు కొట్టేవాళ్ళం మనం. అదే ఇది.

సియాటిల్ సరస్సు, కెనడా తెర

యుద్ధం తర్వాత ఈ గొడవ ఇళ్ళలోంచి సరస్సుల్లోకి వెళ్ళింది. సియాటిల్‌కీ బెల్‌వ్యూకీ మధ్య ఉన్న లేక్ వాషింగ్టన్ మనవాళ్ళలో చాలామందికి తెలుసు. 520 వంతెన మీద ఆఫీసుకెళ్ళేవాళ్ళు ఎన్నిసార్లు దాని ఫోటోలు పెట్టలేదూ? 1950లలో చుట్టుపక్కల ఊళ్ళ మురుగునీళ్ళు, శుద్ధిచేసినవే, అందులో కలిసేవి. 1955లో అందులో ఓ రకం నీలి-ఆకుపచ్చ పాచి కనబడింది. వాషింగ్టన్ యూనివర్సిటీలో డబ్ల్యు.టి. ఎడ్మండ్‌సన్ దాన్ని చూసి, ఐరోపాలో ఇదే పాచి వచ్చిన సరస్సులు తర్వాత ఏమయ్యాయో జనానికి చెప్పాడు. 1958లో జనం ఓట్లేసి మెట్రో అనే సంస్థని తెచ్చుకున్నారు. 1963 నుంచి 1968 దాకా మురుగుని సరస్సుకి పోకుండా దారి మళ్ళించారు. మందు పోయలేదు. 1970లలో సరస్సు తేటపడింది.

మరి మురుగులో ఉన్న దేనివల్ల పాచి పెరిగింది? అమెరికాలో సబ్బు కంపెనీలకి ఇది ప్రాణసంకటమైన ప్రశ్న, ఎందుకంటే బట్టల పొడుల నిండా ఫాస్ఫేటే. ఫాస్ఫరస్ కాదు కార్బనే కారణమని వాదించినవాళ్ళు ఉన్నారు. దీన్ని కెనడాలో డేవిడ్ షిండ్లర్ తేల్చాడు. అంటారియో అడవుల్లో ప్రయోగాలకని కేటాయించిన సరస్సులున్నాయి. వాటిలో 226వ నంబరు సరస్సు నడుం దగ్గర సన్నగా ఉంటుంది. 1973లో అక్కడ ప్లాస్టిక్ తెర దించి సరస్సుని రెండు ముక్కలు చేశారు. ఒకవైపు కార్బన్, నైట్రోజన్ వేశారు. రెండోవైపు అవే వేసి, అదనంగా ఫాస్ఫరస్ వేశారు. తేడా ఆ ఒక్కటే. కొన్ని వారాలకి ఫాస్ఫరస్ వైపు చిక్కటి పచ్చ, రెండోవైపు మామూలు నీళ్ళు. విమానంలోంచి తీసిన ఆ ఫోటో ఒక్కటి చూస్తే చాలు, ఇంకే గ్రాఫూ అక్కర్లేదు. 1974లో ఈ ఫలితాలు "సైన్స్" పత్రికలో వచ్చాయి. చాలాచోట్ల బట్టల పొడుల్లో ఫాస్ఫేటు మీద ఆంక్షలు రావడం వెనక ఈ పని ఉంది.

ఎండాకాలం హుసేన్‌సాగర్ పక్కన బండి మీద ముక్కు మూసుకుని వెళ్ళిన ప్రతివాళ్ళకీ ఈ తెర ఫోటో చూపించాలనిపిస్తుంది నాకు.

ఒకచోటి నిజం ఇంకోచోట

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. సరస్సుల్లో నిజమైంది తొట్లలో నిజం కావాలి కదా? 1996లో కెనడాకే చెందిన పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ మొక్కల తొట్లలో పాచి నియంత్రణ మీద ఓ వ్యాసం రాశారు. వాళ్ళ వాదన: మొక్కలకి నైట్రేటు, పొటాషియం, మెగ్నీషియం, సూక్ష్మపోషకాలు అన్నీ ఇవ్వండి, ఫాస్ఫేటు మాత్రం ఇవ్వొద్దు. ఉన్న కాస్త ఫాస్ఫేటునీ మొక్కలే లాగేసుకుంటాయి, పాచి ఆకలితో మాడుతుంది. మందుల షాపు ధరలు భరించలేనివాళ్ళ కోసం ఇంట్లో కలుపుకునే ఆ ద్రావణానికి "పేదవాడి చుక్కలు" అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. చాలామందికి పనిచేసింది కూడా.

తర్వాత కాలిఫోర్నియాలో టామ్ బార్ అనే ఆయనకి ఓ సందేహం వచ్చింది. కుళాయి నీళ్ళలోనే ఫాస్ఫేటు దండిగా ఉన్న తొట్లలో కూడా మొక్కలు నిగనిగలాడుతూ, పాచి లేకుండా ఎందుకున్నాయి? కావాలని ఫాస్ఫేటు వేసి చూశాడు. పాచి రాలేదు. 2000ల మొదట్లో ఆయన చెప్పిన పద్ధతిలో అన్ని పోషకాలూ, ఫాస్ఫేటుతో సహా, కాస్త ఎక్కువే వెయ్యాలి, వారానికోసారి సగం నీళ్ళు మార్చి లెక్క మళ్ళీ మొదటికి తేవాలి.

మరి షిండ్లర్ తప్పా? కాదు. ఆ సరస్సులో ఫాస్ఫరస్ కోసం ఎగబడేది ముఖ్యంగా కంటికి కనబడని పాచికణాలే, ఫాస్ఫరస్ నిజంగానే కరువు. తొట్టిలో చేపల మేతలోనే ఫాస్ఫేటు ఉంది. పాచికి కావలసింది ఆవగింజంత, మొక్కకి కావలసింది దోసెడు. కరువు పెడితే ముందు చచ్చేది మొక్క. చావబోయే ఆకు మీదే పాచి ఎక్కేది. నెదర్లాండ్స్‌కి చెందిన మార్టెన్ షెఫర్ బృందం 1993లో లోతు తక్కువ సరస్సుల గురించి రాసింది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. అలాంటి సరస్సు రెండు రకాలుగా నిలదొక్కుకోగలదు. మొక్కలు గెలిచి నీళ్ళు తేటగా ఉండడం ఒకటి, పాచి గెలిచి నీళ్ళు మసకగా ఉండడం ఒకటి. మధ్యలో ఎక్కువకాలం ఉండదు.

నాకు బాగా తగిలింది ఇదే. సియర్స్, కాన్లిన్‌లు అజ్ఞానులు కారు. నిజమైన ఫలితాన్ని, నిజాయితీగా, అది పుట్టని చోటికి తీసుకెళ్ళారు. మనం మాత్రం? పెద్ద కంపెనీ వాళ్ళ ఆర్కిటెక్చరు గురించి ఎక్కడో చదివి, రోజుకి రెండొందల మంది వాడే మన అప్లికేషన్‌కి తగిలించమూ?

వేరే దారులూ ఉన్నాయి. జపాన్‌లో తకాషి అమానో (1954-2015) ఒకప్పటి సైకిల్ పందేల ఆటగాడు. 1982లో కంపెనీ పెట్టి మొక్కల తొట్టిని ఓ కళ చేశాడు. పాచి తినే రొయ్యల్ని ఈ అలవాటులోకి తెచ్చింది ఆయనే, ఇవాళ ఆ రొయ్యని ఆయన పేరుతోనే పిలుస్తారు. అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ 1999లో పుస్తకం రాసి, గులకరాళ్ళ కింద మామూలు మట్టి వేసి, సిలిండర్లూ చుక్కలూ లేకుండా మొక్కలు పెంచొచ్చని చూపించింది. ముగ్గురి పద్ధతులూ వేరు. కానీ ఎవరూ పాచితో పని మొదలుపెట్టలేదు. మొక్క బాగుండటంతో మొదలుపెట్టారు.

భీమవరం నీళ్ళు

ఇదంతా నాన్నకి ఫోన్లో చెప్పుకుంటూ వచ్చాను. వారింగ్‌టన్ నత్తల దగ్గర ఊఁ కొట్టాడు. ఫాస్ఫేటు దగ్గరకొచ్చేసరికి నవ్వాడు.

"మేం చెరువులో సూపర్ వేసేది దేనికనుకున్నావు?"

నిజమే. మన కొల్లేరు చుట్టుపక్కల బొచ్చె, శీలావతి పెంచేవాళ్ళు నీళ్ళు పచ్చబడాలనే పేడ, కోళ్ళ ఎరువు, యూరియా, సూపర్ ఫాస్ఫేటు వేస్తారు. ఆ పచ్చదనమే చేపకి మొదటి మేత. నేను డబ్బులిచ్చి చంపబోయినదాన్ని ఆయన డబ్బులిచ్చి పెంచుతున్నాడు! అయితే పచ్చదనానికి ఓ హద్దుంది. మోచేతి దాకా నీళ్ళలో ముంచి, అరచెయ్యి ఎక్కడ మాయమవుతుందో చూస్తారు. మరీ చిక్కబడితే ప్రమాదం. పగలు ఆక్సిజన్ ఇచ్చే ఆ పచ్చదనమే రాత్రి దాన్ని పీల్చేస్తుంది. మబ్బు పట్టిన మర్నాడు తెల్లవారుజామున చేపలు నోళ్ళు పైకెత్తి తేలుతాయి. ఒక్క పూటలో ఏడాది కష్టం పోతుంది. అందుకే ముసురు పట్టిందంటే నాన్నకి నిద్ర ఉండదు. మా చదువుల ఫీజులు ఆ నీళ్ళ రంగు మీద ఆధారపడ్డాయని నాకు ఇన్నేళ్ళు తట్టలేదు.

1865లో ఇటలీలో సెక్కి అనే మతాచార్యుడు నీళ్ళ తేట కొలవడానికి తెల్లపళ్ళేన్ని తాడుతో దించి చూశాడు. లేక్ వాషింగ్టన్ తేటని కొలిచింది అలాంటి పళ్ళెంతోనే. నాన్న మోచెయ్యి అదే పని చేస్తోంది. "నీళ్ళు చూశావా" అంటే అర్థం ఇదన్నమాట.

అప్పుడు చూశాను నా నీళ్ళు. కార్బన్ డయాక్సైడ్ కోసం నేను పెట్టింది పంచదార, ఈస్టు కలిపిన రెండు లీటర్ల సీసా. మొదటి వారం బుసబుసా బుడగలు, రెండో వారానికి చప్పబడేది, నేను కొత్తది కలపడం మరిచిపోయేవాణ్ణి. రిలీజు రోజుల్లో ఆ సీసా పూర్తిగా చచ్చి ఉంది. లైటు రోజుకి పదిగంటలు. ఫిల్టర్ స్పాంజి మూసుకుపోయి నీళ్ళు కదలడమే లేదు. నల్లగడ్డం పాచికి కార్బన్ డయాక్సైడ్ ఎగుడుదిగుళ్ళు ఇష్టమని మొక్కల తొట్లు పెంచేవాళ్ళు చాలామంది చెప్పేదే.

లైటు ఆరుగంటలకి తగ్గించాను. రెండు సీసాలు పెట్టి వారం తేడాతో మార్చడం మొదలుపెట్టాను. స్పాంజి కడిగాను. పాచి పట్టిన ఆకులు కోసి పారేశాను. వారానికోసారి సగం నీళ్ళు మారుస్తున్నాను. రెండున్నర నెలలకి కొత్త కుచ్చులు రావడం ఆగింది.

ఏది పనిచేసిందంటే మాత్రం చెప్పలేను. అన్నీ ఒకేసారి మార్చాను. షిండ్లర్ అయితే తెర దించి ఒక్కటే మార్చేవాడు. ఆఫీసులో ఎవరైనా ఇలా నాలుగు మార్పులు ఒకే కమిట్‌లో పెడితే రివ్యూలో నేనే తిప్పి పంపిస్తాను. కాబట్టి నేను చెప్పింది చేస్తే మీ పాచి పోతుందని హామీ ఇవ్వను. సీసా కొనేముందు వెనకవైపు అక్షరాలు చదవండి, అది మాత్రం గట్టిగా చెప్తాను.

రొయ్యల్ని మళ్ళీ తేలేదు. ఇసుకలో రాగి ఎంత మిగిలిందో నమ్మకం కుదిరేదాకా తేను. అయితే కిందటి వారం అద్దం మీద, మిరియం గింజంత నత్త ఒకటి మెల్లగా పాకుతూ కనబడింది. ఏ ఆకు వెనక గుడ్డు మిగిలిందో మరి. ఫోటో తీసి నాన్నకి పంపాను. "నీళ్ళు బాగున్నట్టున్నాయి" అని జవాబొచ్చింది.